పాత అంబాసిడర్ ఇంజన్ హీటెక్కుతోందా? కూలింగ్ భాగాలను కొలిచి, ఎంచి, మార్చుకునే పూర్తి పద్ధతి

పాత అంబాసిడర్‌ను ఇంకా రోడ్డు మీద నడుపుతున్నవారు ఎండాకాలం వచ్చేసరికి తరచుగా అడిగే ప్రశ్న, ఏ రేడియేటర్ కొనాలి అని. ఇంజన్ వేడెక్కినప్పుడు అందరి చూపూ ముందు రేడియేటర్ మీదికే పోతుంది గానీ, నిజానికి అది వరుసలో చివర కొనవలసిన వస్తువు. ఇంజన్ బ్లాక్‌లో (సిలిండర్లు ఉండే పోత దిమ్మలో) పేరుకున్న తుప్పు బురదను కడగకుండా కొత్త రేడియేటర్ బిగిస్తే ఆ బురద కొద్ది వారాల్లోనే దాని సన్నని గొట్టాల్లోకి చేరుతుంది, పెట్టిన డబ్బు వృథా అవుతుంది.

ఇక్కడ చెప్పిన వివరాలు 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న అంబాసిడర్లకు సంబంధించినవి. ఇసుజు 1800 ఇంజన్ బండ్లకూ డీజిల్ బండ్లకూ వేరే భాగాలు వస్తాయి. ప్రీమియర్ పద్మిని భాగాలు వీటికి సరిపోవు, కానీ పని చేసే వరుస మాత్రం దానికీ ఇదే.

1. విప్పకముందే లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

ఇంజన్ ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, బండి కదలగానే చల్లబడుతుంటే గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు ఫ్యాన్, బెల్టు, రేడియేటర్ రెక్కల మధ్య చేరిన దుమ్మును చూడాలి. హైవే మీద వేగంగా పోతున్నప్పుడే వేడెక్కుతుంటే నీటి ప్రవాహం చాలడం లేదు. గొట్టాలు పూడి ఉండవచ్చు, పంపు అరిగి ఉండవచ్చు, కింది హోస్ పైపు పీల్పుకు లోపలికి ముడుచుకుంటూ ఉండవచ్చు.

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ నోటి దగ్గర బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ ప్యాకింగ్‌ను (సిలిండర్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్‌ను) అనుమానించాలి. దాన్ని తేల్చుకోకుండా కూలింగ్ భాగాలు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

డ్యాష్‌బోర్డు మీది మీటరును గుడ్డిగా నమ్మవద్దు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వ్) హౌసింగ్, రేడియేటర్ పై ట్యాంకు, కింది ట్యాంకుల వేడిని విడివిడిగా చూడాలి. మెరిసే ఇత్తడి మీద ఆ పరికరం తక్కువ అంకె చూపిస్తుంది కనుక, కొలిచే చోట కాగితపు మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీదికి గురిపెట్టాలి. రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడా చల్లటి మచ్చలు కనిపిస్తే ఆ భాగంలో గొట్టాలు మూసుకుపోయాయన్నమాట.

ఇగ్నిషన్ టైమింగ్ బాగా వెనక్కి జరిగినా, కార్బురేటర్ మిశ్రమంలో పెట్రోల్ తగ్గినా ఇంజన్ వేడెక్కుతుంది. ఆ రెండూ సరిచూసుకోవడానికి ఖర్చేమీ కాదు కనుక ముందు అవి చూడటం మేలు.

2. కొలతలు తీసుకోవడం

దుకాణంలో "అంబాసిడర్‌ది ఇవ్వండి" అని అడిగితే చాలదు. అర్ధశతాబ్దానికి పైగా తయారైన బండిలో మార్క్‌కీ మార్క్‌కీ (అంటే మోడల్ తరానికీ తరానికీ) తేడాలు ఉన్నాయి, పైగా మీ బండికి అంతకుముందు యజమానులు ఏ భాగాలు వేశారో ఎవరికీ తెలియదు. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, హైదరాబాద్ పుత్లీబౌలికి వెళ్లినా పాత భాగాన్ని చేత్తో పట్టుకుని వెళ్లాలి. వీలుకాకపోతే ఈ కొలతలు రాసుకుని వెళ్లాలి.

☐ రేడియేటర్ మూతి పై అంచు నుంచి లోపల క్యాప్ రబ్బరు ఆనే సీటు వరకు ఉన్న లోతు.
☐ పై, కింది హోస్ పైపులు ఎక్కే లోహపు మూతుల బయటి వ్యాసం. పాత రబ్బరు సాగి ఉంటుంది కనుక దాన్ని కొలవకూడదు.
☐ వాటర్ పంపు ఇంజన్‌కు ఆనే ముఖం నుంచి ఫ్యాన్ బిగించే ఫ్లాంజ్ వరకు ఉన్న ఎత్తు.
☐ థర్మోస్టాట్ అంచు వ్యాసం, దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత.
☐ ఫ్యాన్ బెల్టు మీది వెడల్పు, పొడవు అంకెలు. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టించిన బండ్లలో అసలు కంపెనీ బెల్టు నంబరు పనికిరాదు.
☐ రేడియేటర్ కోర్ (గొట్టాలు, రెక్కలు ఉండే మధ్య భాగం) ఎత్తు, వెడల్పు, మందం, గొట్టాల వరుసలు, బ్రాకెట్ రంధ్రాల మధ్య దూరం.

విప్పకముందు హోస్ పైపుల వంపులు, క్లిప్పుల స్క్రూలు ఏ వైపు తిరిగి ఉన్నాయో, ఫ్యాన్ ఏ ముఖం ముందుకు ఉందో ఫోన్‌తో ఫొటోలు తీసి ఉంచుకోండి.

3. ఏ భాగాన్ని ఎలా ఎంచుకోవాలి

3.1 రేడియేటర్ క్యాప్

అన్నింటికంటే చవకైనది ఇదే, అందరూ నిర్లక్ష్యం చేసేదీ ఇదే. పాత బీఎంసీ కుటుంబపు బండ్లలో 4 పీఎస్‌ఐ, 7 పీఎస్‌ఐ క్యాప్‌లు సాధారణం (పీఎస్‌ఐ అంటే పీడనం కొలత). మీ రేడియేటర్‌కు ఏది నిర్ణయించారో అదే వేయాలి.

పీడనం వల్ల కలిగే ఉపయోగం చిన్నదేమీ కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక అక్కడ మూతలేని పాత్రలో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అదే నీరు 7 పీఎస్‌ఐ పీడనం కింద సుమారు 110 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. సాగిపోయిన స్ప్రింగు ఉన్న క్యాప్ ఆ 12 డిగ్రీల అవకాశాన్ని పోగొడుతుంది.

అలాగని, ఎక్కువ పీడనం ఇంకా మంచిదనుకుని ఆధునిక బండ్ల 13, 15 పీఎస్‌ఐ క్యాప్ వేయకూడదు. పాత టంకం అతుకులు ఆ ఒత్తిడికి ఆగవు.

లోతు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మూతి లోతును బట్టి ఈ క్యాప్‌లు రెండు రకాలు: ముప్పావు అంగుళం లోతుకు పొట్టి క్యాప్, అంగుళం లోతుకు పొడవు క్యాప్. లోతైన మూతికి పొట్టి క్యాప్ వేస్తే పైకి గట్టిగానే బిగుసుకుంటుంది గానీ లోపలి రబ్బరు సీటును తాకనే తాకదు, పీడనం నిలవదు. సీటు మీద వేలితో గ్రీజు పలుచగా రాసి, క్యాప్ బిగించి విప్పి చూడండి. రబ్బరు మీద గ్రీజు పూర్తి వలయంగా అంటితే సరైన క్యాప్ దొరికినట్టు.

3.2 థర్మోస్టాట్

మన ఎండలకు ఇది ఎందుకని చాలా షెడ్లలో తీసి పారేస్తారు. తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ చేరి మడ్డి పేరుకుంటుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. ఇంతా చేస్తే, వేడెక్కడానికి అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

మామూలు వాడకానికి 82 డిగ్రీల థర్మోస్టాట్ సరైనది. వేడి ప్రదేశాలకని 74 డిగ్రీలది కూడా దొరుకుతుంది. అయితే థర్మోస్టాట్ మీది అంకె అది ఎప్పుడు తెరుచుకోవడం మొదలుపెడుతుందో చెబుతుందే తప్ప, ఇంజన్ ఎంత వేడికి ఆగుతుందో చెప్పదు. రేడియేటర్ సగం పూడి ఉంటే 74 డిగ్రీలది వేసినా రామగుండం ఎండలో ఆ బండి వేడెక్కే తీరుతుంది.

కొన్నది కొత్తదైనా బిగించే ముందు పరీక్షించాలి. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు ఉంచి వేడి చేయండి. అది ముద్రించిన అంకెకు రెండు మూడు డిగ్రీల అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలుపెట్టి, మరో 12 నుంచి 15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి, చల్లబడ్డాక గట్టిగా మూసుకోవాలి. అంచులో గాలి పోయే చిన్న రంధ్రం లేకపోతే 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయించడం మంచిది.

3.3 వాటర్ పంపు

షెడ్లలో వాటర్ బాడీ అని పిలిచే ఈ భాగం కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీల్ అరిగితే నీరు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి కారుతుంది. దాని కింద తెల్లగానో, పచ్చగానో ఎండిన చార కనిపిస్తే పంపు ఆయుష్షు అయిపోవచ్చిందని అర్థం. ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసిన పంపులు కూడా కనిపిస్తుంటాయి. అలా చేస్తే నీరు నేరుగా బేరింగును తినేస్తుంది. ఇంజన్ ఆపి, ఫ్యాన్ అంచులు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే ప్లే (వదులు) తెలిసినా పంపు మార్చవలసిందే.

కొత్త పంపు, పాత పంపు బల్ల మీద పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఫ్లాంజ్ ఎత్తు, బోల్టు రంధ్రాలు, ఇంపెల్లర్ (లోపల నీటిని తోసే చక్రం) రెక్కల లోతు కలవాలి. ఇంపెల్లర్‌కూ పంపు బాడీకీ మధ్య సందు సుమారు అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు లోపు ఉండాలి. సందు ఎక్కువైతే ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది కానీ నీటిని సరిగా తోయదు, ఈ లోపం పై నుంచి చూస్తే ఎప్పటికీ బయటపడదు.

ఎప్పుడో తయారై దుకాణం అటక మీద ఉండిపోయిన అసలు కంపెనీ పంపు దొరికితే సంబరపడి వెంటనే బిగించకండి. దాని పోత గొప్పగానే ఉండవచ్చు గానీ, ఏళ్ల తరబడి కదలని సీల్ షాఫ్టుకు అతుక్కుపోయి మొదటి రోజే చిరుగుతుంది. అలాంటి పాత పోతకు కొత్త బేరింగు, కొత్త సీల్ వేయించుకోవడమే చవకరకం నకలు పంపు కొనడం కంటే మేలని నా అభిప్రాయం. ప్రెస్, లేత్ ఉన్న ఏ మంచి షెడ్డులోనైనా ఆ పని చేస్తారు.

3.4 హోస్ పైపులు, క్లిప్పులు, బెల్టు

వంపు సరిగ్గా కుదిరిన ఈపీడీఎం రబ్బరు పైపులే తీసుకోవాలి. ఏ బండికైనా వంగి సరిపోతుందని అమ్మే ముడతల పైపు బిరుసుగా ఉండి, ఇంజన్ ఊగినప్పుడల్లా రేడియేటర్ మూతి అతుకును లాగుతుంది. కింది పైపులో స్టీలు స్ప్రింగు ఉందో లేదో చూసి, లేకపోతే తగిన స్ప్రింగు పెట్టించాలి. మడతపెట్టి చూస్తే సన్నని పగుళ్లు కనిపించే రబ్బరును ప్యాకెట్ తెరవనిదైనా తిరిగి ఇచ్చేయండి.

బెల్టు పుల్లీ గాడి పక్క గోడలకు ఆని తిరగాలి. గాడి అడుగున ఆనితే ఎంత బిగించినా జారుతుంది.

4. నీరు దించడం, విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే మొదలుపెట్టాలి. బ్యాటరీ తీగ విప్పి, క్యాప్ తీసి, హీటర్ ఉంటే దాని ట్యాప్ తెరిచి, రేడియేటర్ అడుగు ట్యాప్‌ను, ఇంజన్ బ్లాక్ పక్కన ఉన్న ట్యాప్‌ను రెండింటినీ తెరవాలి. చాలామంది రెండోదాని జోలికే పోరు. తెరిచినా చుక్క రాకపోతే లోపల బురద గడ్డకట్టిందన్నమాట. ట్యాప్ మొత్తం విప్పి, ఇనుప తీగతో ఆ రంధ్రాన్ని పొడిచి శుభ్రం చేయాలి.

దించిన నీటిని బకెట్‌లో పట్టి ఎన్ని లీటర్లో రాసుకోండి. తిరిగి నింపేటప్పుడు లోపల గాలి మిగిలిందో లేదో ఆ అంకే చెబుతుంది. అందులో గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే రసాయనం) ఉంటే తియ్యగా ఉండి కుక్కలను, పిల్లలను ఆకర్షిస్తుంది, తాగితే ప్రాణాలకే ముప్పు. కాలువలో పోయకుండా మూత ఉన్న డబ్బాలో ఉంచాలి.

థర్మోస్టాట్ హౌసింగ్ అల్యూమినియంది కనుక స్టడ్‌లకు పట్టేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి తన్నకుండా, ముందు రోజే తుప్పు వదిలించే నూనె పోసి, పక్కల నుంచి చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. పంపు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద పంపు ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోటే గుచ్చి ఉంచితే తర్వాత వెతుకులాట ఉండదు.

5. బ్లాక్ కడగడం

ఈ దశను వదిలేస్తే మిగిలిన పనంతా సగమే. రేడియేటర్ పక్కకు పెట్టి, థర్మోస్టాట్ తీసి, పై హోస్ మార్గం నుంచి పైపుతో నీరు పట్టి కిందికి, అంటే మామూలు ప్రవాహానికి ఎదురుగా వదలాలి. ఆ తర్వాత కింది మార్గం నుంచి పైకి పట్టాలి. తేట నీరు వచ్చే దాకా మార్చి మార్చి చేయాలి.

బ్లాక్‌లో నీరు నెమ్మదించే చోటు వెనక భాగం, అంటే నాలుగో సిలిండర్ చుట్టూ ఉండే ఖాళీ. ఏళ్ల తుప్పు, పోత ఇసుక అక్కడ ఎర్రటి ముద్దగా చేరతాయి. పైపు నీటికి అది కదలకపోతే పక్కనున్న కోర్ ప్లగ్‌లు (బ్లాక్ గోడలోని రంధ్రాలకు కొట్టిన లోహపు బిళ్లలు) తీయించి, వంచిన తీగతో గోకి బయటికి లాగాలి. తుప్పు తిన్న ప్లగ్‌లు తర్వాత ఎలాగూ కారతాయి కనుక వాటి స్థానంలో ఇత్తడివి వేయించడం మంచిది.

బోరు నీరు పోస్తూ వచ్చిన బండ్లలో లోపలి గోడలకు సున్నపు పొర గట్టిగా పట్టి ఉంటుంది. దానికి లీటరు నీటికి 25 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి, పాత రేడియేటర్‌తోనే బండిని తిరిగి కూర్చి, ఇంజన్‌ను వెచ్చగా పావుగంట నడిపి దించేయాలి. తర్వాత కొద్దిగా వంటసోడా కలిపిన నీటితో ఒకసారి, మామూలు నీటితో రెండు మూడు సార్లు కడగాలి. నిమ్మ ఉప్పు నీటిని రాత్రంతా ఉంచితే అల్యూమినియం హౌసింగ్‌ను తినేస్తుంది. బ్యాటరీలో వాడే యాసిడ్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి.

6. రేడియేటర్: కోర్ మార్పించడమా, కొత్తది కొనడమా

బ్లాక్ శుభ్రమైన తర్వాతే ఈ నిర్ణయం తీసుకోవాలి. ట్యాంకులు గట్టిగా ఉండి కొన్ని గొట్టాలే పూడి ఉంటే, పై ట్యాంకు టంకం వదిలించి గొట్టాల్లో రాడ్ ఆడించి శుభ్రం చేయించవచ్చు. రెక్కలు వేలితో నలిపితే పొడిగా రాలుతున్నా, గొట్టాలకు ఇప్పటికే చాలా చోట్ల టంకం అతుకులు ఉన్నా ఆ ఖర్చు దండగ.

అప్పుడు అసలు ఇత్తడి ట్యాంకులు, పక్క బ్రాకెట్లు ఉంచుకుని, కొత్త రాగి కోర్ వేయించడమే పాత బండికి తగిన పని. అది సరిగ్గా పాత స్థానంలోనే కూర్చుంటుంది, రేపు ఏ చిన్న ఊళ్లోనైనా టంకం పెట్టే మనిషి దొరుకుతాడు. అల్యూమినియం రేడియేటర్ తేలికే, వేడినీ బాగానే వదులుతుంది. కానీ బ్రాకెట్లు, మూతుల కోణాలు కుదరక బాడీ కోయవలసి వస్తే నేను దాన్ని సలహా ఇవ్వను.

కోర్ వేసేవారితో ముందే మాట్లాడుకోవలసినవి:

☐ గొట్టాల వరుసలు పాతదాని కంటే తగ్గకూడదు.
☐ రెక్కలు మరీ దగ్గరగా వేస్తే, ఇంజన్‌తో తిరిగే ఫ్యాన్ ట్రాఫిక్‌లో అంత గాలిని లాగలేదు.
☐ నీటి తొట్టిలో ముంచి, మీ ఎదుటే 10 పీఎస్‌ఐ గాలి పట్టి బుడగలు చూపించాలి.
☐ రంగు పలుచగా ఉండాలి. మందపు రంగు వేడిని బయటికి పోనివ్వదు.

7. బిగించే వరుస

ప్యాకింగ్ ఆనే ముఖాలను గీకి, గుడ్డతో తుడవాలి. వాటర్ పంపు ముందు ఎక్కించి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ప్యాకింగ్‌కు సీలెంట్ రాయాలనుకుంటే పలుచటి పూత చాలు. ఎక్కువ పూస్తే లోపలికి పిండుకుని, ఊడి, రేడియేటర్ గొట్టాలకు అడ్డం పడుతుంది.

థర్మోస్టాట్‌లో మైనం బుడ్డి, స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్‌లోకి ఉండాలి. తిరగేసి పెడితే వేడి నీరు దానికి సరిగా తగలక ఆలస్యంగా తెరుచుకుంటుంది.

ఆ తర్వాత పుల్లీ, ఫ్యాన్. ఫ్యాన్ గాలిని రేడియేటర్ గుండా ఇంజన్ వైపుకు లాగాలి. రెక్కలు తిరగేసి బిగిస్తే గాలి వీస్తుంది గానీ చాలా తక్కువ. ఇంజన్ తిరుగుతున్నప్పుడు రేడియేటర్ ముందు వైపు ఒక కాగితం పెడితే అది జాలికి అతుక్కుని నిలవాలి.

రేడియేటర్‌ను కొత్త రబ్బరు వాషర్ల మీద కూర్చోబెట్టి, హోస్ పైపులను సబ్బు నీటితో తడిపి ఎక్కించండి. గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. క్లిప్పు మూతి గట్టు దాటిన తర్వాత కూర్చోవాలి. ఇత్తడి మూతి మెత్తనిది కనుక బలమంతా పెట్టి బిగించవద్దు. చివరగా, పొడవైన వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 13 మిల్లీమీటర్లు దిగేలా బెల్టు సరిచేయాలి. మరీ బిగిస్తే కొత్త పంపు బేరింగు మీదే భారం పడుతుంది.

8. కూలెంట్ నింపి గాలి తీయడం

కుళాయి నీరు, బోరు నీరు రెండూ వద్దు, డిస్టిల్డ్ వాటర్ వాడాలి. రాగి, ఇత్తడి, సీసపు టంకం ఉన్న పాత రేడియేటర్లకు సిలికేట్ ఉన్న పాతతరం ఎథిలీన్ గ్లైకాల్ కూలెంట్ సురక్షితం. రంగు చూసి కొనవద్దు, ఏ రకమో డబ్బా మీద చదవాలి. మన ప్రాంతంలో గడ్డకట్టే భయం లేదు, నీటి కంటే గ్లైకాల్ వేడిని తక్కువగా మోస్తుంది కనుక, మూడో వంతు కూలెంట్, మిగతా రెండు వంతులు నీరు సరిపోతుంది. ముందే కలిపి అమ్మేదాన్ని మళ్లీ పలుచన చేయకూడదు.

బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలులో నిలిపి, హీటర్ ట్యాప్ తెరిచి, సన్నని ధారగా నింపుతూ పై హోస్‌ను మధ్యమధ్యలో పిసకండి. క్యాప్ లేకుండానే ఇంజన్ నెమ్మదిగా నడపాలి; థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పై హోస్ ఒక్కసారిగా వేడెక్కి, మట్టం దిగుతుంది. అప్పుడు కొంచెం పోసి క్యాప్ పెట్టాలి.

రికవరీ బాటిల్ (పొంగిన నీటిని పట్టి, చల్లబడ్డాక తిరిగి ఇచ్చే సీసా) లేని బండ్లలో మూతి దాకా నింపితే వేడికి వ్యాకోచించిన నీరు బయటికి పోతుంది, దాన్ని చూసి కారుతోందని కంగారుపడతారు. మూతికి ఒక అంగుళం కింద మట్టం ఉంచాలి. బాటిల్ పెట్టించుకుంటే పై అంచు కింద కూడా రబ్బరు ఉన్న క్యాప్ కావాలి; లేకపోతే చల్లబడినప్పుడు నీటికి బదులు గాలిని పీలుస్తుంది.

9. మొదటి పరీక్ష, లోపాలు సరిదిద్దడం

ఊరిలోనే పది కిలోమీటర్లు నడిపి, ఆపి, టేపు అంటించిన చోట్ల మళ్లీ కొలవండి. పై ట్యాంకు కంటే కింది ట్యాంకు కొన్ని డిగ్రీలైనా చల్లగా ఉండాలి.

– రెండు ట్యాంకులూ దాదాపు సమానంగా మండుతుంటే గాలి చాలడం లేదు: ఫ్యాన్ దిశ, బెల్టు, రెక్కల మధ్య చెత్త చూడాలి.
– పైన బాగా వేడి, కింద దాదాపు చల్లగా ఉంటే ప్రవాహం చాలడం లేదు: పంపు, పూడిన గొట్టాలు.
– పై హోస్ ఎంతసేపటికీ వేడెక్కకుండా ఇంజన్ మాత్రం కాగుతుంటే: థర్మోస్టాట్ బిగుసుకుంది, లేదా దాని కింద గాలి నిలిచింది.
– యాక్సిలరేటర్ పెంచినప్పుడు కింది హోస్ చదునవుతుంటే: లోపలి స్ప్రింగు లేదు.
– చల్లబడ్డాక పై హోస్ చప్పగా అణిగిపోతే: క్యాప్ మధ్యలోని చిన్న వాక్యూమ్ వాల్వ్ పట్టేసింది.
– ఎక్కడా కారకుండానే మట్టం రోజూ తగ్గుతుంటే: హెడ్ ప్యాకింగ్ పరీక్ష చేయించాలి. లీకు ఆపే పొడి పోస్తే ఇంతసేపూ శుభ్రం చేసిన గొట్టాలే ముందు మూసుకుంటాయి.

ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లబడ్డాక క్లిప్పులన్నీ మళ్లీ ఒక చుట్టు సరిచూసుకోవాలి, కొత్త బెల్టు సాగుతుంది కనుక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత దాన్ని మళ్లీ బిగించాలి. కూలెంట్‌లోని తుప్పు నిరోధక పదార్థాలు క్రమంగా ఖర్చవుతాయి కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. విప్పిన పాత హోస్ పైపులు మరీ పగలకుండా ఉంటే పారేయకుండా, ఒక బెల్టు, రెండు క్లిప్పులు, రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి డిక్కీలో ఉంచుకోండి.